మూడో గేరు

ఫిబ్రవరి 4, మంగళవారం

డైరీ రాయడం నాకు అలవాటు లేదు. ఇది టైర్ల షాపు వాళ్ళు ఎప్పుడో ఇచ్చింది. తారీఖులకి వారాలు కలవవు, కొట్టేసి నేనే వేసుకుంటున్నాను. ఎవరితోనైనా చెప్పుకోకపోతే ఉండబట్టేలా లేదు. నేను అన్నీ చెప్పుకునే మనిషి మా ఆయనొక్కరే. ఈసారి సంగతి ఆయనదే అయిపోయింది.

పొద్దున సిపాయికి ఇంజనాయిల్ మార్చారు. సిపాయి అంటే మా మిలిటరీ లారీ. ఏటా ఈ పని ఆయనే చేస్తారు, పక్కన ఫనెల్ పట్టుకోవడానికి కూడా నన్ను రానివ్వరు. డబ్బా ఎత్తారు. చెయ్యి వణికింది. సగం ఆయిల్ లోపలికి పోయింది, సగం మడ్‌గార్డ్ మీద పడింది. నేను గుడ్డ తెచ్చి తుడిచాను. ఆయన అటు తిరిగి గోడకి వేలాడుతున్న పానాలు సర్దారు. సర్దినవే మళ్ళీ సర్దారు.  

డాక్టరు పోయిన నెలే చెప్పేశాడు. ఈ వణుకు తగ్గేది కాదు, మందులతో ముదరకుండా చూసుకోవడమే, డ్రైవింగ్ మాత్రం వద్దు. కారు ఎలాగూ నేనే నడుపుతాను. సిపాయి గురించి డాక్టరుకి మేం చెప్పనే లేదు.

టీ కూడా ఇప్పుడు సగం కప్పే పొయ్యమంటున్నారు. కప్పు నేను పట్టుకుంటానంటే కోపం.

ఫిబ్రవరి 5

నిన్న రాసింది చదివితే సిపాయి గురించి అసలేమీ రాయలేదనిపించింది.

పెళ్ళయిన కొత్తలో ఆయన మంచం కొనుక్కొస్తానని వెళ్ళి లారీతో వచ్చారు. మిలిటరీ వాళ్ళ డిస్పోజల్ యార్డులో వేలం జరుగుతోందట, ఊరికే చూద్దామని ఆగారట. ఊరికే చూడ్డానికి వెళ్ళిన మనిషి వేలంలో చెయ్యెందుకు ఎత్తారో ఇప్పటికీ చెప్పలేదు. వీధి మొదట్లో ఉండగానే ఆ మోత ఇంట్లోకి వినబడింది. ముదురాకుపచ్చ రంగు, ముందు లావుపాటి ఇనప కమ్మీలు, తలుపు మీద సగం చెరిగిన తెల్లంకెలు. వయసులో మా ఇద్దరికంటే పెద్దది. మా అత్తగారు గుమ్మంలో నిలబడి మంచం ఏదిరా అని అడిగారు. ఆయన వెనక తలుపు దించి చూపించి, ఇందులో ఎంతమందైనా పడుకోవచ్చమ్మా అన్నారు. ఆవిడ చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. మేం ఏడాదిపాటు నేల మీదే పడుకున్నాం.

ఆ లారీయే మాకు అన్నం పెట్టింది. ఇళ్ళు మారేవాళ్ళ సామాను మోసేవాళ్ళం. బీరువాలు, కుట్టుమిషన్లు, ఒకసారి పియానో, ఒకసారి ఒక ముసలాయన్ని పావురాలతో సహా. వంటింటి సామాను సర్దడం నా పని. నేను కాగితం చుట్టి కట్టిన గాజు గ్లాసు ఇంతవరకూ పగల్లేదు. అలాంటి ఇంకో మనిషిని చూపించమనండి.

ఇక మూడో గేరు. సిపాయికి మూడో గేరు నిలవదు. వేస్తే పడుతుంది, కానీ దిగుడులో రెండు కుదుపులు రాగానే జారి న్యూట్రల్‌కి వచ్చేస్తుంది. బరువుతో దిగుతూ న్యూట్రల్ అయిన లారీ ఇక ఎవరి మాటా వినదు. మొదటిసారి అలా జారినప్పుడు ఆయన రెండు చేతులూ స్టీరింగ్‌కే చాల్లేదు. నేనే చెయ్యి చాచి ఆ గేరు రాడ్డు పట్టుకుని, మళ్ళీ పడ్డాక అలాగే నొక్కి ఉంచాను. అప్పట్నుంచి అది నా డ్యూటీ. దిగుడు రాగానే ఆయన ఊఁ అనేవారు. నేను పట్టుకునేదాన్ని. ఇంజను వణుకంతా రాడ్డులోంచి నా చేతిలోకి ఎక్కేది. ఇంటికొచ్చాక కూడా చాలాసేపు చెయ్యి వణుకుతూనే ఉండేది, టీ కప్పు సాసర్లో టకటకలాడేది. అప్పుడు ఆయనే కప్పు పట్టుకుని తాగించేవారు. అత్తగారు చూసి తల తిప్పుకునేవారు.

మా అమ్మాయి హైస్కూల్లో చేరిన ఏడాది నేను లారీ మానేద్దామనుకున్నాను. ఆ స్కూలు ఆఫీసులోనే ఉద్యోగం ఇస్తామన్నారు. కుర్చీ, ఫ్యాను, సెలవులు. సామాను కట్టడానికి అప్పటికి మాకు వేరే మనిషి దొరికాడు. ఆయనతో చెప్పాను. మరి మూడో గేరు ఎవరు పట్టుకుంటారు అన్నారు. నిజమే కదా అనిపించింది. స్కూలు వాళ్ళకి రాలేనని చెప్పేశాను.

ఇంత రాస్తాననుకోలేదు. చెయ్యి లాగుతోంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

హోటలాయన వచ్చాడు. హైవే మీద కొత్తగా హోటల్ కడుతున్నాడట. సిపాయి చుట్టూ పెళ్ళికూతుర్ని చూడ్డానికొచ్చినవాడిలా తిరిగాడు. గేటు దగ్గర పెట్టుకుంటాడట. ఇంజను పీకేసి అక్కడ ఫౌంటెన్ పెడతాడట. వెనక టేబుళ్ళు. హెడ్‌లైట్లలో పూలకుండీలు. పిల్లలెక్కి ఫోటోలు తీసుకుంటారండీ, ముసలి బండికి అంతకంటే ఏం మర్యాద కావాలండీ అన్నాడు. టీ ఇచ్చాను. చక్కెర వెయ్యడం మర్చిపోయాను. మర్చిపోలేదు.

ఆయన ఠక్కున పొమ్మంటారనుకున్నాను. ఆలోచించి చెబుతానన్నారు.

అతను వెళ్ళాక అసలు సంగతి చెప్పారు. మార్చి నెలాఖరుకి సిపాయి ఎఫ్‌సీ, అదే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, గడువు అయిపోతుంది. ఇంత పాత బండికి గడువు దాటిందంటే మళ్ళీ ఇవ్వరు, ఇక రోడ్డెక్కడానికి లేదు. లాగించుకుని తీసుకెళ్తే ఒప్పుకోరు. నడుపుకుంటూ వెళ్ళి గ్రౌండులో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాలి. నడపాల్సిన చెయ్యి ఇదీ అని తన చెయ్యి ముందుకు చాపారు. బయటి డ్రైవర్ని పిలుద్దాం అన్నాను. డబుల్ క్లచ్ తెలిసినవాళ్ళు ఇప్పుడెక్కడున్నారు, గేర్లు పిండి చేసి చేతిలో పెడతారు అన్నారు. షెడ్డులో తుప్పు పట్టి పోయేకంటే గేటు దగ్గర నలుగురి కళ్ళ ముందు ఉంటేనే నయం కదా అన్నారు. ఆ మాట నా వంక చూడకుండా అన్నారు.

నేను నడుపుతాను అన్నాను.

నవ్వారు. దగ్గొచ్చేదాకా నవ్వారు.

ఫిబ్రవరి 10

ఇంకా నవ్వుతున్నారు.

ఫిబ్రవరి 11

ఒకప్పుడు ఆయన కాలు విరిగి మంచాన పడితే నేను డ్రైవింగ్ స్కూల్లో చేరి పెద్ద బండి లైసెన్సు తీసుకున్నాను. స్కూలు వాళ్ళ కొత్త లారీ మీద నేర్చుకున్నాను. నేను సిపాయిని ముట్టుకునేలోపే ఆయన కాలు బాగైపోయింది, నా లైసెన్సు బీరువాలోకి పోయింది. అయినా పట్టుబట్టి ప్రతిసారీ రెన్యువల్ చేయిస్తూనే ఉన్నాను. దేనికే అది, విసనకర్రకి పనికొస్తుందా అని వెక్కిరించేవారు.

ఇవాళ తీసుకెళ్ళి ఆయన కంచం పక్కన పెట్టాను. ఫోటోలో నేను అచ్చం దొంగలా ఉన్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశారు. తిరగేసి వెనక్కూడా చూశారు. చివరికి, బూట్లు కొనుక్కో, చెప్పులతో క్లచ్ తొక్కితే ఊరుకోను అన్నారు.

ఫిబ్రవరి 13, గురువారం

మా షెడ్డు వెనక తలుపు తీస్తే మూతపడ్డ రంపపు మిల్లు గ్రౌండు. అదే నా స్కూలు.

ఎక్కడంతోనే తంటా మొదలైంది. ఇన్నేళ్ళూ నేనెక్కింది ఎడమ తలుపు. కుడివైపు నుంచి ఎక్కి కూర్చుంటే సొంత ఇంట్లోకి దొడ్డిదారిన వచ్చినట్టుంది. ఆయన నా సీట్లో కూర్చుని కాళ్ళెక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు అవస్థపడ్డారు. నీ సీటు ఇంత గట్టిగా ఉంటుందా అని అడిగారు. ఇన్నాళ్ళకి తెలిసిందా అన్నాను.

డబుల్ క్లచ్ అంటే ఇదీ. క్లచ్ తొక్కి గేరుని న్యూట్రల్‌కి తేవాలి. క్లచ్ వదలాలి. కింది గేరుకి దిగేటప్పుడైతే అక్కడ కొంచెం యాక్సిలరేటర్ ఇవ్వాలి. ఇంజను గొంతు సరిగ్గా పలకగానే మళ్ళీ క్లచ్ తొక్కి గేరు వెయ్యాలి. సరిగ్గా అంటే ఎంత అని అడిగాను. వింటే తెలుస్తుంది అన్నారు. ఏం వినాలి అన్నాను. అదే, వినాల్సింది వినాలి అన్నారు. ఇలాంటి మాస్టారికి ఎవరైనా ఫీజు కడతారా?

గేరు వేసినప్పుడల్లా రేకు డబ్బాలో రాళ్ళు పోసి ఊపినట్టు మోత. మోత వచ్చినప్పుడల్లా ఆయన పళ్ళు బిగించి కళ్ళు మూసుకున్నారు.

ఫిబ్రవరి 14

బీరువా మోసినా ఇంత నొప్పి రాలేదు.

ఫిబ్రవరి 22, శనివారం

వచ్చింది!

గ్రౌండు మధ్యలో బండి ఆపించి, కళ్ళు మూసుకుని యాక్సిలరేటర్ మెల్లగా తొక్కుతూ ఉండు అన్నారు. నీకే తెలుస్తుంది అన్నారు. నాకు చిరాకేసింది. అయినా మూసుకున్నాను. ఇంజను గొంతు లేస్తోంది, ఇంకా లేస్తోంది, ఒకచోటికి వచ్చేసరికి నా వెన్ను నిటారుగా అయింది. అది నాకు తెలిసిన గొంతు. పియానో ఇంటివాళ్ళ చడావు ఎక్కేటప్పుడు వినబడ్డ గొంతు. వానలో, వెనక టార్పాలిన్ కింద ఎవరిదో కొత్త కాపురం మొత్తం పెట్టుకుని, అమ్మాయి నా ఒళ్ళో నిద్రపోతుంటే, ఆయన గేరు మార్చబోయే ముందు ఒక్క క్షణం వచ్చే గొంతు. పక్క సీట్లో కూర్చుని ఇన్ని వేలసార్లు విన్నాను, విన్నట్టు నాకే తెలియదు.

ఇక్కడ, అన్నాను.

ఆఁ, అక్కడే, అన్నారు ఆయన. అదే క్షణంలో.

తర్వాత వేసిన గేరు వెన్నలో చాకులా దిగింది. ఇద్దరం పిల్లల్లా కేకలేశాం. మిల్లు గోడ మీది పిల్లి పారిపోయింది.

ఫిబ్రవరి 27

అమ్మాయి వచ్చింది. మేం చెప్పలేదు, ఎవరో చెప్పారట. నీకేమైనా మతి పోయిందా అమ్మా, నాన్నకి చెయ్యి బాగాలేదు సరే, నీకేమొచ్చింది అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. ఈ వయసులో మీ ఇద్దరిలో ఎవరికేమైనా అయితే నేనేం కావాలి అంది. హోటలాయనకి ఇచ్చెయ్యండి, కావాలంటే నెలనెలా తీసుకెళ్ళి చూపిస్తాను అంది. వాళ్ళ నాన్న ముద్దాయిలా తల దించుకుని కూర్చున్నారు.

తర్వాత అమ్మాయి చెయ్యి కడుక్కోవడానికని షెడ్డువైపు వెళ్ళి ఎంతకీ రాలేదు. వెళ్ళి చూస్తే క్యాబిన్లో ఉంది. టూల్ బాక్స్ మీద ముడుచుకుని కూర్చుని ఉంది. చిన్నప్పుడు దాని పడక అదే, దుప్పటి నాలుగు మడతలు వేసి పరిచేదాన్ని. ఏమే అన్నాను. ఈ వాసన ఇంకా పోలేదమ్మా అంది. గ్రీజూ, తడి గుడ్డా, పాత రెగ్జినూ కలిసిన వాసన. ముక్కు ఎర్రగా ఉంది. జలుబట.

మార్చి 6

రోడ్డు మీదికి తీసుకెళ్ళాను. సమంగా ఉండే రోడ్డే. రెండు, మూడు, నాలుగు. బస్టాపులో ఒక పెద్దాయన లేచి సెల్యూట్ కొట్టాడు. సిపాయికో నాకో తెలియలేదు. ఇద్దరి తరఫునా నేనే హారన్ కొట్టాను.

మూడో గేరులో ఉన్నంతసేపూ నా ఎడమ చెయ్యి రాడ్డు మీదే ఉంది. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టు అన్నారు. మరి మూడో గేరు ఎవరు పట్టుకుంటారు అన్నాను. ఆయన తల కిటికీవైపు తిప్పుకున్నారు. మీరు పట్టుకోండి అనబోయి ఆయన చేతులవైపు చూసి ఊరుకున్నాను. ఈ మధ్య ఒళ్ళో తువ్వాలు వేసుకుని, రెండు చేతులూ దాని కిందే పెట్టుకుంటున్నారు.

మార్చి 12, బుధవారం

రాయాలని లేదు. అయినా రాస్తాను.

వాటర్ ట్యాంకు దిగుడుకి వెళ్ళాం. ఎఫ్‌సీ గ్రౌండుకి వేరే దారి లేదు, అది దిగి తీరాల్సిందే. పైన మూడో గేరు వేశాను, బాగానే పడింది. రాడ్డు గట్టిగా పట్టుకున్నాను, కుడి చెయ్యి ఒక్కటే స్టీరింగ్ మీద. కింద మలుపు వచ్చింది. సిపాయి స్టీరింగ్ ఒక చేత్తో తిరిగేది కాదు. రాడ్డు వదిలి రెండు చేతులూ వెయ్యాలి. వదిలితే గేరు జారుతుంది, జారితే లారీ ఆగదు. నా చెయ్యి వదల్లేదు. నేను వద్దనుకుని కాదు, చెయ్యే వదల్లేదు. ఇన్నేళ్ళూ వదలకుండా ఉండటమే కదా దాని పని.

మలుపు తిరగలేదు. కంచె విరుచుకుని కాలవ గట్టు మీదికెక్కి ఆగింది. కుడి హెడ్‌లైటు పగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. బ్రేకు ఎప్పుడు తొక్కానో గుర్తు లేదు.

అంతసేపూ ఆయన నోరు తెరిచే ఉంది. మాట రాలేదు.

తర్వాత గట్టు మీద కూర్చున్నాం. తప్పు నాదే అన్నారు. స్టీరింగ్ నా చేతిలో ఉంటే తప్పు మీదెలా అవుతుంది అన్నాను. తప్పు నాదేనే అని మళ్ళీ అన్నారు. నా మనసు తేలిక చెయ్యడానికి అంటున్నారనుకున్నాను. ఆ దగ్గర్లో పొలం దున్నుతున్నాయన ట్రాక్టరుకి తాడు కట్టి బండిని గట్టు దించి పెట్టాడు.

మార్చి 13

ఆయన హోటలాయనకి ఫోన్ చేశారు. వచ్చే వారం వచ్చి తీసుకెళ్ళమన్నారు. నన్ను అడగలేదు.

ఇంట్లో ఇద్దరం ఉన్నాం, ఇల్లు మాత్రం ఖాళీ చేసినట్టుంది. ఎన్ని ఇళ్ళు ఖాళీ చేయించానో నేను. సామానంతా ఎక్కించాక ఆఖరున ఒకసారి లోపలికెళ్ళి చూసేదాన్ని, గోడ మీద ఫోటోలుండిన చోట మచ్చలు తప్ప ఏమీ ఉండేవి కావు. షెడ్డులో సిపాయి నిలబడిన చోట ఆయిల్ మరక ఉంది. అది ఎంత తోమినా పోదు.

మార్చి 15, శనివారం, మధ్యాహ్నం

అమ్మాయి ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఇదే అదననుకుని గురక మేస్త్రికి కబురు పెట్టాను. సిపాయి పుట్టుపూర్వోత్తరాలు తెలిసిన మెకానిక్కు అతనొక్కడే. బండి కింద వెల్లకిలా పడుకుంటే చాలు నిద్రపోతాడు, అందుకే ఆ పేరు. కింద పడుకోవడమే గానీ పైన కూర్చుని నడపడం రాదని తనే చెప్పుకుంటాడు. మూడో గేరు జారకుండా చేసి పెట్టు, రోగం కుదిరితే రెండు చేతులతో నడుపుతాను, హోటలాయనకి వద్దని నేనే చెబుతాను అన్నాను.

అతను నా మొహంలోకి వింతగా చూశాడు. మూడో గేరుకేమైందమ్మా అన్నాడు. జారుతుంది కదయ్యా, మొదట్నుంచీ అన్నాను. అదెప్పుడో బాగుచేశాను కదమ్మా అన్నాడు. లోపల ఒక స్ప్రింగూ గోళీ ఉంటాయట, గేరుని దాని చోట పట్టి ఉంచేవి. అరిగిపోతే అతనే కొత్తవి వేశాడట. అయ్యగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వాటర్ ట్యాంకు దిగుడు దింపి మరీ చూశారు, చెయ్యి వెయ్యకపోయినా గేరు కదల్లేదు, ఎంత సంతోషించారో అన్నాడు. ఎప్పుడు అన్నాను. మన పాపని హైస్కూల్లో వేసిన ఎండాకాలం అన్నాడు.

నమ్మలేదు. విప్పి చూపించమన్నాను. గేర్ బాక్స్ మూత తీశాడు. బాగానే ఉన్నాయి. ఇంకా పదేళ్ళు చూసుకోనక్కర్లేదమ్మా అని మూత బిగించి, కింద ఇంకేవో నట్లు చూస్తానని పడుకుని నిద్రపోయాడు.

నేను షెడ్డు మెట్టు మీద కూర్చుండిపోయాను. అతని గురక తప్ప ఏమీ వినబడలేదు.

మార్చి 16

మాట్లాడను.

మార్చి 17

మాట్లాడలేదు. ఏమైందే అని అడిగారు. ఉప్పు అందించాను.

మార్చి 18, ఉదయం

నాకు ఒళ్ళు మండిపోతోంది. ఇన్నేళ్ళు రాడ్డు పట్టుకున్నందుకు కాదు, దాని సంగతి వేరు. ఆ ఉద్యోగం. కుర్చీ, ఫ్యాను. నేను ఆ కుర్చీలో కూర్చుని ఎలా ఉండేదాన్నో నాకెప్పటికీ తెలియదు. జారని గేరు కోసం ఒక మనిషి తన బతుకు మలుపు తిప్పుకుందంటే ఎవరైనా నవ్వుతారు. హోటలాయన రేపు లారీ తీసుకుపోతే పీడా పోయిందనుకుందామని కూడా అనుకున్నాను. అనుకుని వెంటనే ఏడ్చాను. వంటింట్లో, కుక్కర్ కూత వెనకాల.

మార్చి 18, సాయంత్రం

అడిగేశాను. మూడో గేరు ఎప్పట్నుంచి జారడం లేదండీ అని.

ఆయన తువ్వాలు కింద చేతులు రెండూ కదిలాయి.  తర్వాత చెప్పారు. స్కూలు వాళ్ళు నన్ను అడుగుతున్నారని ఆయనకి ముందే తెలుసట. నేను నిశ్చింతగా వెళ్ళాలనే గేరు బాగుచేయించారట. సాయంత్రం చెబుదామని ఇంటికొచ్చారట. ఆయన నోరు తెరిచేలోపే నేను లారీ మానేస్తానన్నాను. బాగైందిలే, వెళ్ళు అందామనుకున్నారట, నోట్లోంచి ఇంకో మాట వచ్చేసిందట. మర్నాడు చెబుదామనుకున్నారు. మర్నాడు దిగుడులో అలవాటుగా ఊఁ అన్నారు, నేను పట్టుకున్నాను. ఇక రోజూ రేపు చెబుదాం, రేపు చెబుదాం అనే గడిచిపోయింది. నీ చెయ్యి అక్కడ లేకపోతే లారీ నడపడం నాకు చేతకాదనిపించింది, అది పిచ్చితనం, స్వార్థం, నువ్వేమైనా అను అన్నారు.

మొన్న మలుపులో? అన్నాను. ఒక్క మాట చెబితే వదిలేదాన్ని కదా?

మొన్న చెబుదామని నోరు తెరిచాను, ఇన్నేళ్ళది ఒక్కసారిగా అడ్డం పడిపోయింది అన్నారు. నిన్ను చంపేసేవాణ్ణి అని ఏడ్చారు. ఆయన ఏడవగా చూడటం నాకిదే మొదలు. నేను ఓదార్చలేదు. లేచి వెళ్ళనూ లేదు.

మార్చి 19

హోటలాయన ట్రైలర్ వేసుకుని వచ్చాడు. నేనే గేటు దగ్గరికెళ్ళాను. లారీ ఇవ్వడం లేదు, ఫౌంటెన్ ఇంకెక్కడైనా పెట్టుకోండి అన్నాను. మాట తప్పుతారా అమ్మా అన్నాడు. మాట ఇచ్చింది ఆయన, నడిపేది నేను అన్నాను. ఈసారి టీలో చక్కెర వేసే ఇచ్చాను, పాపం.

ఆయన గుమ్మంలోంచి అంతా విన్నారు. క్షమించావా అని అడిగారు. ఇంకా లేదు, ముందు హెడ్‌లైటు బిగించండి అన్నాను. వణికే చేత్తో ఒక్కో స్క్రూ పెట్టుకుంటూ పొద్దున్నంతా బిగించారు. నేను సాయం వెళ్ళలేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

మార్చి 24

వాటర్ ట్యాంకు దిగుడు. రెండు చేతులూ స్టీరింగ్ మీద. మూడో గేరు రాయిలా నిలబడింది.

మలుపు దాటాక బండి ఆపి కిందికి దిగాను. ఎంత సులువుగా ఉందో! ఇంత సులువైన దాన్ని పట్టుకునా నా కుడి భుజం ఇన్నేళ్ళు లాగింది. ఆయన్ని నాలుగు తిట్టాను. తిట్లు పూర్తయ్యేదాకా వినయంగా కూర్చున్నారు. తిడుతుంటే నాకే నవ్వొచ్చింది, అది మాత్రం కనబడనివ్వలేదు.

ఆయన చేతులు తువ్వాలు కింద ఖాళీగా ఉన్నాయి. దారంతా అవే కనబడ్డాయి నాకు.

మార్చి 28, శుక్రవారం

ఎఫ్‌సీ అయింది.

అమ్మాయి ఆఫీసుకి సెలవు పెట్టి వెనకాలే కారులో వచ్చింది, దారి పొడుగునా నాలుగు లైట్లూ వెలిగించుకుని, దండయాత్రకి పోతున్నట్టు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చిన్నవాడు, మా స్టెప్నీ వయసు ఉండదు. డ్రైవరేడండీ అని ఆయన్ని అడిగాడు. ఆయన నన్ను చూపించారు. అతను నా లైసెన్సు చూసి, ఫోటో చూసి, నన్ను చూసి, మళ్ళీ ఫోటో చూశాడు. గ్రౌండు చుట్టూ నడిపించాడు. బ్రేకు కొట్టమన్నచోట కొట్టాను. గేర్లు దించి చూపించమన్నాడు. నాలుగు నుంచి మూడు, మూడు నుంచి రెండు, చప్పుడు లేకుండా. గేర్ బాక్స్ కొత్తదా అని అడిగాడు. పాతదే, ఆవిడ చెవి అలాంటిది అన్నారు ఆయన. ఆ గర్వం దాచుకోవడం ఆయనకి చేతకాలేదు.

స్టాంపు పడ్డాక అమ్మాయి వచ్చి నన్ను వాటేసుకుంది. మళ్ళీ జలుబు.

తిరిగొచ్చేటప్పుడు ఆయనకి సంతోషమే. కానీ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు, లారీలో ఎక్కించుకున్న ఎవరో చుట్టంలా. ఆ సీట్లో పని లేకుండా కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలియదు. నేనెప్పుడూ అలా కూర్చోలేదు. కూర్చోవాల్సిన అవసరం రానివ్వలేదు ఆయన.

ఏప్రిల్ 6, ఆదివారం

ఊరికే తిరిగొద్దామని సిపాయిని తీశాం. వాటర్ ట్యాంకు దగ్గర, మూడో గేరు మళ్ళీ జారుతోందండీ అన్నాను.

ఆయన నా వంక చూశారు.

ఊఁ, అన్నాను.

తువ్వాలు పక్కన పెట్టి రాడ్డు పట్టుకున్నారు. రాడ్డు వణుకుతోంది, చెయ్యి వణుకుతోంది, ఏది ఏదో తెలియలేదు. కిందిదాకా వదల్లేదు.

ఇంటికొచ్చాక టీ నిండుగా పోశాను. కప్పు నేను పట్టుకున్నాను.